వంశమును జూచి మనుష్యుని దీర్పవచ్చునా?

ఒక కుటుంబమున నొకనికి మతి చలించినచో లోకము వానిని మాత్రమే చూచి యూరకుండదు. అక్క మితభాషిణి యైన 'ఆ ఛాయయే' యందురు. తమ్ముడు పుస్తకములలో మునిగియున్న 'ఇదియు దానికి మొదలే' యందురు. పెండ్లిమాటలు వచ్చినపు డీ గుసగుసలే శాసనములగును. ఇది న్యాయమేనా?

లోకుల సందేహమున గొంత సత్యము లేకపోలేదు. 1908లో స్విట్జర్లాండు వైద్యుడగు యూజీన్ బ్లూలర్ 'స్కిజోఫ్రీనియా' యని పేరిడిన యీ వ్యాధి జనసామాన్యమున నూటికి సుమా రొక్కరికి వచ్చును. రోగి తోబుట్టువులలో నూటికి సుమారు తొమ్మిదిమందికి వచ్చును. వ్యాధి లేని బంధువులలో సైతము జ్ఞాపకశక్తియు నవధానమును సగటున గొంచెము తక్కువగా గనబడును. కొందఱు ఏకాంతప్రియులు, విచిత్రభావములు గలవారు. కాని సగటు సమూహమునకు జెందినది, వ్యక్తి జాతకము గాదు. తొమ్మిదిమందిని జెప్పిన లెక్కయే తక్కిన తొంబదియొక్కరిని గూడ జెప్పుచున్నది. నిప్పున్నది గావున పొగ యుండవలెననుట తర్కము గాదు. కాలిన యినుపగుండున నిప్పు గలదు, పొగ లేదు. బంధుత్వమును హేతువుగా జేసి రోగమును సాధించువారి వాదమును నిట్టిదే. పైగా అక్క మౌనము వంశలక్షణమో, రాత్రులు మేల్కొని సోదరునకు సేవచేసిన యలసటయో యడిగినవా రెవరు?

1966లో అమెరికాలో లియొనార్డ్ హెస్టన్ అను వైద్యుడు, వ్యాధిగ్రస్తలగు తల్లులకు జన్మించి, పుట్టిన కొలది దినములకే వేఱైపోయి పెరిగిన 47 మందిని గూర్చి తన పరిశీలనను బ్రకటించెను. వారిలో ఐదుగురికి వ్యాధి వచ్చెను. పోల్చుటకు దీసికొన్న 50 మందిలో నొక్కరికిని రాలేదు. తల్లి పెంపకమే కారణమను నింద దీనితో సడలెను. మఱికొందఱు వేఱు చిక్కులకు లోనైరి. అయినను ఏ చిక్కును లేక యెదిగినవారు రెండవ వర్గమువారికంటె నెక్కువ చొరవయు, కళాభిరుచియు గలవారుగ గనబడిరని యాయనయే వ్రాసెను. ఒకే వంశము ఒకరికి గష్టమును, వేఱొకరికి గౌశలమును ఒసంగవచ్చును గదా!

ఈ లెక్కలను జేతబూని మనుష్యులను దండించినవారును గలరు. 1916లో ఎర్నెస్టు రూడిన్ రోగుల తోబుట్టువులను గూర్చి గ్రంథము బ్రకటించెను. 1933లో నాజీ ప్రభుత్వము రోగుల సంతానశక్తిని బలవంతముగ దొలగించు శాసనము జేయగా, దానికి వ్యాఖ్య రచించినవారిలో నాతడొకడు. సంభావ్యతను నిశ్చయముగను, నిశ్చయమును శిక్షగను మార్చుటయే యచటి పాపము. మన పెండ్లిపీటలయొద్ద జరుగు తీర్పు పరిమాణమున నల్పమైనను జాతిలో వేఱుగాదు.

అట్లని రోగమును దాచి వివాహము చేయవచ్చునా? చేయరాదు. వధూవరులకు సత్యము దెలియవలయును. కాని యన్న రోగమును నిజాయితీగ జెప్పినందులకే చెల్లెలి సంబంధమును ద్రోసిపుచ్చు సంఘము, జనులకు అసత్యమును దానే బోధించుచున్నది. దాపఱికమువలన చికిత్స యాలస్యమగును. రోగి గదిలో బందీయగును. కావున సంబంధము విచారించువారు తాతముత్తాతల చరిత్రతో దృప్తిపడక, ఎదుటనున్న యాడుబిడ్డ బుద్ధిని, శీలమును, ఇష్టమును విచారింతురు గాక. అట్టి విచారణ యున్నచోట సత్యము చెప్పుటకు ఎవరికిని భయముండదు.