చూసి పోయేవాళ్ళు

బతుకమ్మ పండుగకి నెల ముందు మా బావ ఫోన్ చేశాడు. నల్గొండలో ఆయనకి చిన్న చీరల షాపు ఉంది. దానికి కొత్తగా ముందువైపంతా అద్దం బిగించాడు. "నువ్వు దినమంతా కంప్యూటర్ ముందల్నే కూసుంటవ్ గద. రోడ్డు మీద పోయేటోడు ఆగి చూడాలె. అసొంటి డిస్‌ప్లే ఐడియాలు ఏమన్న ఉంటే చూసి పంపు" అన్నాడు. గంటలో తేలిపోయే పని అనుకున్నాను. మూడు వారాలు పట్టింది. ఐడియాలకి కొరతేం లేదు. మధ్యలో ఒక ప్రశ్న అడ్డం పడింది. దారిన పోయే మనిషి చూపుని మన సరుకు మీదికి లాగాక, ఆ మనిషికి మనం ఏమైనా బాకీ పడతామా?

వెతుకుతుంటే మొదట తగిలిన పెద్ద పేరు ఎల్. ఫ్రాంక్ బామ్. 'ది వండర్‌ఫుల్ విజర్డ్ ఆఫ్ ఆజ్' రాసిన బామే. ఆయన 1897లో షికాగోలో 'ది షో విండో' అనే పత్రిక మొదలుపెట్టాడు. దుకాణం అద్దాల వెనక సరుకు ఎలా అమర్చాలన్నదే ఆ పత్రిక విషయం. 1900లో ఆజ్ కథ వచ్చింది. బట్టల షాపుల అలంకరణ మీద ఆయన రాసిన పుస్తకం కూడా అదే ఏడాది వచ్చింది. కదిలే బొమ్మలు, దీపాలు, కనికట్టు, అన్నీ ఉన్నాయందులో. ఇక ఆజ్ కథలో, పచ్చల నగరంలోకి వచ్చిన ప్రతి ఒక్కరికీ ముందు పచ్చ కళ్ళద్దాలు తగిలిస్తారు. నగరం అంత పచ్చగా కనిపించడానికి కారణం అవే. తెర వెనకున్న మహా మాంత్రికుడు చివరికి మామూలు మనిషిగా తేలతాడు. చిన్నప్పుడు తమాషా కథ అనుకున్నాను. ఇప్పుడు చదివితే, చేసే పని గురించి తెలిసిన మనిషి చెప్పిన నిజంలా ఉంది.

ఎమిల్ జోలా 1883 నవల 'ఓ బొనేర్ దే దామ్' మొదలయ్యేది కూడా ఇలాంటి అద్దాల ముందే. చిన్న ఊరి నుంచి ఇద్దరు తమ్ముళ్ళని వెంటబెట్టుకుని పారిస్‌లో దిగిన డెనీజ్, పెద్ద బట్టల దుకాణం కనబడగానే అక్కడే నిలబడిపోతుంది. లోపల బొమ్మలకి తలలుండవు. తల ఉండాల్సిన చోట ధర చీటీలుంటాయి. చేతిలో డబ్బులేని ఆ పిల్లకి అదంతా భయంగానూ ఉంటుంది, వదిలి పోబుద్ధీ కాదు. షో విండో గురించి ఇంతకంటే నిజమైన మాట నాకు ఇంకెక్కడా దొరకలేదు.

మన పాత బట్టల కొట్లకి ఈ గొడవ లేదు. ఫలానా పెళ్ళికి చీరలు కావాలని ముందే అనుకుని వెళ్ళేవాళ్ళం. చెప్పులు విప్పి పరుపు మీద కూర్చుంటే, కొట్టాయన ఒక్కొక్కటీ విప్పి ముందు పరిచేవాడు. కావాలనుకోవడం ముందు, చూడడం తర్వాత. అద్దం ఈ వరసని తిరగేసింది. కూరగాయల సంచితో ఇంటికి పోతున్న మనిషికి, అప్పటిదాకా లేని కోరికని నడిరోడ్డు మీద పుట్టిస్తుంది. పైగా అందుకోబోతే చేతికి గాజు తగులుతుంది.

అలాగని కొనలేనివాళ్ళని చూడకుండా కాపాడాలి అంటే అదో రకం పొగరు. మా అమ్మ షోకేసుల ముందు హాయిగా నిలబడేది. చీర కొనేది కాదు. ఇంటికొచ్చి పక్కింటావిడకి ఆ అంచు ఎలా ఉందో, కొంగులో ఏ రంగు కలిపారో చేతులు తిప్పుతూ చెప్పేది. ఆ చూపులో దిగులు నేనెప్పుడూ చూడలేదు. ఒక్కసారి మాత్రం ఒక షాపు కుర్రాడు బయటికొచ్చి, "కొనేదుంటే లోపలికి రండి, లేకుంటే జరగండి" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. నా చెయ్యి పట్టుకుని గబగబా నడిచింది. ఆ తర్వాత ఆ వీధిలో రోడ్డుకి అవతలి పక్కనుంచే వెళ్ళేవాళ్ళం. అంత దీపాలు పెట్టి పిలిచింది వాళ్ళే. పిలిస్తే వచ్చినందుకు తప్పు మాదైంది.

ఈ కుర్రాణ్ణి తిట్టుకునే ముందు నా ఉద్యోగం సంగతి కూడా చెప్పాలి. ఒక స్క్రీన్ మీద మనిషి ఎన్ని సెకన్లు ఆగాడో లెక్కపెట్టే కోడ్ నేనూ రాశాను. బటన్ రంగు మారిస్తే ఇంకెంతమంది ఆగుతారో చూసే పరీక్షలు నడిపాను. చూసి, ఏమీ కొనకుండా వెళ్ళినవాళ్ళకి మా రిపోర్టులో ఒక గడి ఉంటుంది. దాన్ని మేం 'నష్టం' కింద చదువుతాం. కుర్రాడు నోటితో అన్నమాట మేం అంకెల్లో అంటున్నాం, అంతే తేడా.

ఇదంతా బావకి చెబితే నవ్వాడు. "కిరాయి నేను కడుతున్న. కరెంటు బిల్లు నేను కడుతున్న. చూసి పోయేటోళ్ళకు నేనెందుకు బాకీ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నాకు తోచిన జవాబు ఇది. కిరాయి అద్దానికి లోపలి జాగాకి. బయట నడిచేవాళ్ళ చూపు ఆ కిరాయిలో లేదు. దాన్ని వాడుకుంటున్నప్పుడు, కొనకుండా వెళ్ళే మనిషి కూడా ఏదో ఒకటి వెంట తీసుకెళ్ళేలా ఉండాలి. నాకు లేనిదేమిటో గుర్తుచేసి పంపే విండో ఒకటి, నాకు తెలియనిదేదో చూపించి పంపే విండో ఒకటి. రెండూ కంటిని ఆపుతాయి.

బతుకమ్మని చూడండి. అదీ డిస్‌ప్లేనే. తంగేడు, గునుగు వరసలు వరసలుగా పేర్చి పదిమంది మధ్యకి తెస్తారు. ఎవరిది ఎత్తుగా ఉందన్న పోటీ ఉంటుంది, గొప్పలూ ఉంటాయి. కానీ మధ్యలో గాజు ఉండదు. చూడ్డానికొచ్చిన మనిషి చుట్టూ తిరిగే వరసలో కలవొచ్చు. ఆట అయ్యాక బతుకమ్మ నీళ్ళలోకి, సద్దులు అందరి చేతుల్లోకి. చూసినవాళ్ళు ఉత్త చేతులతో పోరు.

చివరికి బావకి ఒకే ఐడియా పంపాను. పోచంపల్లి చీర పక్కన, అదే డిజైన్‌కి ముడులు కట్టి, సగం రంగు వేసిన నూలు వేలాడదీయమన్నాను. ఆ చీరలో బొమ్మ నేశాక అద్దేది కాదు, నేయకముందే నూలులో ఉంటుంది. సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో బిగించి కట్టిన చోట రంగు ఎక్కదు. ఇది తెలుసుకోవడానికి చీర కొనక్కర్లేదు. ధర కూడా రాసిపెట్టమన్నాను, లోపలికొచ్చి అడగడానికి మొహమాటపడేవాళ్ళ కోసం. నూలుకి ఒప్పుకున్నాడు, ధరకి ఒప్పుకోలేదు. "ధర బయట పెడితే లోపలికి ఎవ్వరొస్తరు?" దాని మీద మాకింకా తెగలేదు.

పండుగ వారంలో ఒక ముసలాయన అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడట. తర్వాత లోపలికొచ్చి, "నూలు తలకిందులు కట్టిన్రు" అన్నాడట. బావ ఆయన చేతే విప్పించి మళ్ళీ కట్టించాడు. చాయ్ తాగి వెళ్ళాడు. ఏమీ కొనలేదు.