గాలి గొట్టానికి గుడ్డపేలిక



మన పామిడిముక్కల వైపు సముద్రం లేదు. మనకు తెలిసినవి కాలువ నీళ్ళు, వరిచేలో నీళ్ళు. అయినా మన విచారణలో కొందరికి బందరు గిలకలదిండి రేవులో చుట్టాలున్నారు. కిందటి వేసవిలో అలాంటి ఒక ఇంటివారు తమ బోటును ఆశీర్వదించమని పిలిస్తే వెళ్ళాను.

ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మన తూర్పుతీరంలో మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లుపెట్టే కాలం కదా! రేవునిండా కట్టేసిన బోట్లే. మేము ఎక్కవలసిన బోటు పక్కన నీటిమీద రంగురంగుల తెట్టె కనిపించింది. డీజిలు వాసన. టాంకు గాలి గొట్టంలోంచి బొట్టుబొట్టుగా కారుతోంది. యజమాని ఆ గొట్టంలో గుడ్డపేలిక కుక్కి ఉంచాడు.

వెంట ఉన్న ముసలి సరంగు అది చూసి, "గుడ్డ తియ్యరా అబ్బాయ్! తప్పు గొట్టానిది కాదు, నింపినోడిది" అన్నాడు.

ఆ కుర్రవాడి ఉద్దేశం మంచిదే. టాంకు ఖాళీగా ఉంటే లోపలి గాలిలోని తేమ నీరై డీజిలులో కలుస్తుందని, చల్లని తెల్లవారుజామున అంచుదాకా నింపాడు. మధ్యాహ్నపు ఎండకు డీజిలు వ్యాకోచించింది. వెయ్యి లీటర్ల డీజిలు 15 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 12 లీటర్లు పెరుగుతుంది. ఆ 12 లీటర్లకు లోపల చోటు లేదు. దానికి తోడు బోటు ఒకవైపు ఒరిగి ఉంది, గొట్టం ఉన్న వైపుకే.

గుడ్డ కుక్కితే ఆగదా అంటారేమో. ఆగినట్టే ఉంటుంది. వేడికి లోపల ఒత్తిడి పెరిగి టాంకు అతుకులు వదులవుతాయి. గుడ్డ సంగతి మరచి వేటకు వెళ్తే ఇంకా ప్రమాదం. ఇంజను డీజిలు తాగుతుంటే ఆ మేరకు గాలి లోపలికి రావాలి. రాకపోతే నడిసముద్రంలో ఇంజను ఆగిపోతుంది. పోనీలే, కారితే కారనీ అనుకోవడానికీ లేదు. కారిన నూనె చెక్కకు పడుతుంది, పక్క బోటు కిందికి పోతుంది. 2023 నవంబరులో విశాఖ చేపలరేవులో ఒక్క రాత్రిలో పదులకొద్దీ బోట్లు తగలబడ్డాయి. ఆ మంట ఎలా మొదలైందన్నది వేరే మాట. పక్కపక్కనే కట్టిన బోట్లలో డీజిలు, గ్యాసు సిలిండర్లు ఉంటే ఒకరి నిప్పు ఒకరితో ఆగదు.

మత్తయి సువార్త 25వ అధ్యాయంలో నూనె చాలని కన్యకల కథ మనకు కంఠతా వచ్చు. నూనె ఎక్కువై కారిపోయేవారి సంగతి మాత్రం మనం ఆలోచించం. ఈ రోజుల్లో మన ఇళ్ళు చూడండి. పిల్లవాడికి బడి, ట్యూషను, సెలవుల్లో మళ్ళీ కోచింగు. తండ్రికి పొలం, అప్పు, సంఘం పని. తల్లికి ఇవన్నీ కలిపి ఇంకో రెండు. అన్నీ మంచి ఉద్దేశంతో నింపినవే! కాస్త ఎండ తగిలిందా, ఎదురుగా ఉన్నవారిమీద కారుతుంది. అప్పుడు "నోరు ముయ్యి" అని గుడ్డ కుక్కుతాం. మార్కు సువార్త 6వ అధ్యాయంలో జనం తాకిడికి శిష్యులకు భోజనం చేసే వ్యవధి కూడా లేకపోతే, ప్రభువు వారిని మందలించలేదు, ఓర్చుకోమనలేదు. ఏకాంత స్థలానికి తీసుకువెళ్ళాడు. వారిలో కొందరు పడవవాళ్ళేనని మరువకండి.

ఇది మీకు చెప్పే అర్హత నాకుందా అంటే, లేదు. తపస్కాలంలో ఒక ఆదివారం మూడు ఊళ్ళలో మూడు పూజలు చేసి వచ్చాను. ధూపపాత్ర జారవిడిచాడని పీఠసేవకుడైన ఒక చిన్నవాణ్ణి అందరిముందు కసిరాను. వాడు తలవంచుకుని వెళ్ళిపోయాడు. ఆ పాపం పాపసంకీర్తనంలో చెప్పుకున్నాను. కానీ వాడితో చెప్పలేదు. ఏదో ఒక పని, ఎప్పుడూ తీరిక లేదు.

రేవులో ఆ కుర్రవాడు గుడ్డ తీసేశాడు. రెండు క్యాన్ల డీజిలు తోడి, మూతలు బిగించి నీడన పెట్టాడు. బోటు ఒరగకుండా తాళ్ళు సరిచేశాడు. గొట్టం మూతికి సన్నని జాలీ కట్టి, నీళ్ళు పడకుండా కిందికి వంచాడు. కారడం ఆగాకనే నేను తీర్థం చల్లాను.

మా పీఠసేవకుడు మళ్ళీ గుడికి రాలేదు. ఈ శనివారం సాయంత్రం నా పనుల పట్టికలో ఒకటి కొట్టేశాను. వాళ్ళింటికి వెళ్తున్నాను.