ధూమమా, మంచుతెరయా?

విశాఖ ఉక్కు కర్మాగారముపై ధూమమును గాంచి లోపల నగ్ని గలదని నిశ్చయించుట న్యాయదర్శనము చెప్పిన అనుమానమే. అయితే కొండపై ఉదయపు మంచుతెరనే ధూమమని భ్రమించి పోయినవానికి అచ్చట దైవికముగా నిప్పు దొరికినచో, ఆతని నిర్ణయము జ్ఞానమగునా? ధ్రువప్రాంతపు శీతోష్ణస్థితిని గణించు నమూనాల విషయమున నన్ను వేధించు ప్రశ్న యిదియే. 1979 మొదలు ఉపగ్రహములు చూచిన ఆర్కిటిక్ సముద్రహిమక్షయమును సరిగా చూపిన గణనలలో కొన్ని, భూతాపమును వాస్తవమునకు మించి పెంచి గాని దానిని సాధింపలేదు. అంటార్కిటికా చుట్టును మంచు తరుగునని పెక్కు నమూనాలు పలుకగా, 2014 వరకు అది కొంచెము పెరిగి, 2016లో హఠాత్తుగా క్షీణించెను. ఫలము సరిపడుట చాలదు, హేతువును శోధింపవలెను. గ్రీన్లాండు భూహిమము కరగి సముద్రమట్టమును పెంచుచుండగా, మన రేవుగోడ యెత్తును నిర్ణయించువానికి, తాను నమ్మిన గణన ధూమమును చూచినదో మంచుతెరను చూచినదో తెలియవలదా?