భూదేవి మాట

పాలమూరులో, మక్తల్ దిక్కు ఒక ఊళ్ళో ఒక నాయనమ్మ ఉండేది. దసరా కాగానే కొడుకూ కోడలూ పుణెకు బిల్డింగుల పనికి పోయేవాళ్ళు. రెండేళ్ళ మనవడు ఆమె దగ్గరే పెరిగేవాడు. తిండికీ ఆటకీ లోటు లేదు, మాట మాత్రం రాలేదు.

వెనక నుంచి ఎంత పిలిచినా పలకడు. అదే ఆమె వాకిట్లో రోకలి పట్టి మిరపకాయలు దంచితే, వీపు ఇటు పెట్టి ఆడుకుంటున్నవాడు కూడా అరచేతులు నేలకు ఆనించి నవ్వుతాడు. పీర్ల పండుగకు డప్పులు ఇంటి ముందుకే వచ్చినా నులకమంచం మీద పడుకున్నవాడు కదలలేదు. మర్నాటి రాత్రి చాప మీద పడుకోబెడితే, అవే డప్పులకు ఉలిక్కిపడి లేచాడు. ఆలోచించీ ఆలోచించీ ఆమె ఒకటి తేల్చుకుంది: వీడితో భూదేవి మాట్లాడుతోంది, అందుకే మనుషుల మాట పట్టదు.

టౌనులో ఒక డాక్టరుకు చూపించింది.

“మాటలొస్తలేవు సారూ. పిలిస్తె పలుకడు. నేను దంచుతుంటె మాత్రం తెలుసుకుంటడు. భూదేవి వీనితోని మాట్లాడుతది.”

డాక్టరుకు ఆ చివరి మాట ఒక్కటే చెవిన పడింది. నవ్వి, పిల్లవాడి వెనక్కి పోయి గట్టిగా చప్పట్లు కొట్టాడు. అవ్వ ఉలిక్కిపడి అటు చూసింది. ఆమె చూపు ఎటు పోయిందో పిల్లవాడూ అటే తిరిగాడు.

“చూసినవా, మంచిగ వింటున్నడు. మగపిల్లలకు మాటలు లేటే. మూడేండ్లు దాటినంక రా. ఈ భూదేవి ముచ్చట ఎవ్వరికి చెప్పకు, నవ్వుతరు.”

ఆమె ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడు అంగన్‌వాడీకి పిల్లల్ని చూసే బృందం వచ్చింది. అందులోని డాక్టరమ్మ, “పొద్దుగాల లేచినకాడికెల్లి వీడు ఏమేం చేస్తడో చెప్పు అవ్వా” అంది. ముసలామె చాలాసేపు కొంగు నలుపుతూ కూర్చుంది. టీచరు బతిమాలితే, సగం మింగుతూ చెప్పింది. డాక్టరమ్మ నవ్వలేదు. “ఏడ దంచుతవో సూపియ్యి” అని ఇంటిదాకా నడిచింది. పిల్లవాణ్ణి మంచం మీద కూర్చోబెట్టి దంచమంది. తిరగలేదు. కింద దించి మళ్ళీ దంచమంది. అరచేతులు నేలకు ఆనాయి, నవ్వు వచ్చింది.

ఆ తర్వాత వినికిడిని చూసే బేరా పరీక్షలో రెండు చెవులూ వినడం లేదని తేలింది.

“అయితే భూదేవి మాట్లాడుతలేదా?” అని అడిగింది అవ్వ.

“నువ్వు దంచుతుంటె నేల అదురుతది గద అవ్వా. చేతులకు తెలుస్తున్నది. చెవులకే తెలుస్తలేదు.”

నీతి: ఇంటివాళ్ళు చెప్పే కారణం తప్పయినంత మాత్రాన వాళ్ళు చూసింది తప్పు కాదు.

అవ్వ చెప్పినవి రెండు. ఒకటి తాను చూసింది, రెండోది తాను అనుకున్నది. మొదటి డాక్టరు రెండోదాన్ని కొట్టిపారేస్తూ మొదటిదాన్నీ పారేశాడు. చెవుడు ఉన్న బిడ్డకు మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సాయం అందాలన్నది వైద్యులు పెట్టుకున్న లెక్క. ఆ లెక్కన ఇక్కడ వృథాగా పోయిన ఏడాది చిన్నది కాదు.

నల్లగొండలో ఇదే మరో రూపంలో ఉంటుంది. మర్రిగూడ, మునుగోడు నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎందరి ఎముకలనో వంచింది. అందుకని అక్కడ నడక రాని బిడ్డ కనిపిస్తే ఊరూ, ఒక్కోసారి ఆస్పత్రీ నీళ్ళ మీదికే నెట్టేయడం తేలిక. తల్లి కూడా నీళ్ళే అంటుంది. అంటూనే, “పుట్టంగనే ఏడ్వలే, నీలమైండు” అని ఇంకో మాట కలుపుతుంది. మెదడుకు ప్రాణవాయువు అందలేదేమో అన్న అనుమానానికి దారి ఆ మాటే. నీళ్ళ దగ్గరే ఆగిపోతే అది వినబడదు.

అమెరికాలో ఫ్రాన్సెస్ గ్లాస్కో అనే మనస్తత్వవేత్త 1990ల్లో తల్లిదండ్రుల దిగులునే పరీక్షగా మలిచారు. మొత్తం పది ప్రశ్నలు, బిడ్డ గురించి మీ బెంగ ఏమిటన్నది మొట్టమొదటిది. మన దగ్గర 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి రావాలి. ఎదుగుదలలో ఆలస్యాన్ని పట్టుకోవడం వాళ్ళ పనిలో భాగం. ఏర్పాటు మంచిదే. కానీ గదినిండా పిల్లలు గోల చేస్తుంటే ఒక్కొక్కరికి దక్కేది కొన్ని నిమిషాలు. మిగిలిన రోజంతా చూసింది ఇంట్లోవాళ్ళే.

అలాగని ఇంటివాళ్ళు చెప్పిందంతా వేదం కాదు. నాలుక కింద నరం కోయిస్తే మాటలొస్తాయని తిప్పేదీ, “వాళ్ళ నాయన గూడ ఐదేండ్లకే మాట్లాడిండు” అని ఆపేదీ ఇంటివాళ్ళే. అందుకే “ఏమనుకుంటున్నవ్” అన్నదాని కంటే “ఏం చూసినవ్” అన్న ప్రశ్న ముందు రావాలి.

వలస జిల్లాలో ఆ ప్రశ్న ఎవరిని అడగాలన్నదీ చూసుకోవాలి. కాన్పునాటి సంగతులు నాయనమ్మకు పూర్తిగా తెలియకపోవచ్చు, ఈ ఏడాది సంగతి పుణెలో ఉన్న తల్లికి తెలియదు. ఒకరు ఎదురుగా కూర్చుని ఉన్నారు. రెండో ఆమె నంబరు అంగన్‌వాడీ టీచరు ఫోనులో ఉంటుంది.