నదిని గూర్చిన పుటలు



బాల్యమున కిరసనాయిలు బుడ్డి వెలుగులో “యాత్రికుని ప్రయాణము” ఎన్నిమారులు చదివితిమో లెక్కలేదు. జాన్ బనియన్ 1678లో అచ్చువేయించిన గ్రంథమది. సింహములు, అపొల్లుయోనుతో పోరాటము వచ్చినప్పుడు భోజనమునకు పిలిచినను లేవకపోతిమి. కడపటనున్న నదిని గూర్చిన పుటలు మాత్రము త్రిప్పివేయుచుంటిమి. పోరాటము లేని కథ పిల్లలకేల?

2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటెను. దుమ్ముగూడెము దిగువనున్న మేమందరము ఒక బడిలో తలదాచుకొంటిమి. సంఘములోని వృద్ధురాలొకామె అక్కడ మరణపడకపై నుండెను. ప్రార్థన చేయబోతే మాకు నోరు రాలేదు. సంచిలోనున్న ఆ పాత పుస్తకమునే తెరచితిమి.

భద్రాచలము వద్ద గోదావరికి 1965లో వంతెన వచ్చెను గాని బనియన్ చెప్పిన నదికి వంతెన లేదు. నమ్మికను బట్టి దాని లోతు హెచ్చును, తగ్గును. అన్ని పోరాటములు గెలిచిన క్రైస్తవుడే అందులో మునుగుచు కేకలు వేసెను. తోటి యాత్రికుడు అతని తల నీటిపైకి ఎత్తి పట్టుకొనెను. ఆ తోటివాని పేరైనను మాకు జ్ఞాపకము లేకపోయెను!

“అయ్యగారూ, ఆయనకు కాలు అందుతుందా?” అని ఆమె అడిగెను.

“పక్కవానికి అందుతుందమ్మా” అంటిమి.

“అయితే అక్కడే మళ్లీ చదవండి.”

తెల్లవారువరకు అక్కడే చదివితిమి.