కానరాని కీడు

స్వల్పమగు రేడియేషనువలన మనుష్యున కెంత హాని కలుగును? 1945లో హిరోషిమా, నాగసాకి పట్టణములపైఁ బడిన బాంబులకుఁ జిక్కి బ్రదికినవారి యారోగ్యమును 1950 మొదలు నేఁటివఱకును బరిశీలించుచున్నారు. మోతాదు హెచ్చుగాఁ దగిలినవారిలోఁ గేన్సరు హెచ్చుట స్పష్టము. 100 మిల్లీసీవర్టులకు లోపల నా హెచ్చు, సహజముగా వచ్చు కేన్సరుల సంఖ్యలోఁ గలిసిపోయి, స్పష్టముగాఁ గానరాదు. అందుచే మోతాదు తగ్గినకొలఁది కీడును దగ్గునే గాని సున్న కాదని యెంచి, ప్రకృతివలనను వైద్యమువలనను దగులునది గాక, సామాన్యజనులకు ఏఁటికి 1 మిల్లీసీవర్టు మించరాదని నిపుణుల యంతర్జాతీయ సంఘము హద్దు విధించినది.

కానరానిది లేనిదగునా? గర్భిణులకుఁ దీసిన ఎక్సురేలకును బిడ్డల కేన్సరునకును సంబంధము కలదని 1956లో ఆలిస్ స్టివర్ట్ అను ఆంగ్లవైద్యురాలు చెప్పినప్పుడు, పెక్కురు వైద్యులు చాలకాలము సమ్మతింపరైరి.

అయినను భయమే వివేకము కాదు. ఎముక విఱిగినవాఁడు ఎక్సురేకు వెఱచుట తగదు. అచట లాభమును గీడును వానివే. లాభమొకరిది, కీడు వేఱొకరిది యగుచోట మాత్రము "చెడినవానిని జూపుఁడు" అనుట న్యాయము కాదని మా యభిప్రాయము. వేలమందిలో వాఁడెవ్వఁడో తెలియకున్నను, ఏదో యొక యింటి బిడ్డయే కదా! కావున లెక్కలు దాఁచక చెప్పి, వారి సమ్మతిని ముందుగాఁ బొందుటయే ధర్మము.