గర్భిణిని అడుగదగిన మాట

తెలుగు ఇండ్లలో గర్భవార్తను సూటిగా చెప్పుట వాడుకలో లేదు. నెల తప్పినదందురు, నీళ్ళు పోసుకున్నదందురు, వట్టి మనిషి కాదందురు. నెలలు నిండినపుడు సైతము 'నేడో రేపో' అని ఊరకుందురు. ప్రసవమైన పిమ్మట 'నీళ్ళాడినది' అన్నచో చాలును, వీధి అంతటికీ అర్థమగును. ఇది కేవలము సిగ్గుచేత ఏర్పడిన పలుకుబడి కాదు. కంటికి కానరాని ఒక ప్రాణిని భగవంతుడు ఒకతె గర్భమున నిలిపి కాపాడుచున్నాడు. ఆ కాపుదలలోనికి మనుష్యుల మాట జొరబడరాదను భయభక్తులు ఆ పలుకుబడిలో ఇమిడి ఉన్నవి.

భాష ఇంత మరుగు పాటించినను, ఆ భాష మాటలాడువారు పాటించుట అరుదు. ఐదవ నెలలోనో ఏడవ నెలలోనో శ్రీమంతము జరుగును. చలిమిడి, గాజులు, పూలజడ, పేరంటము, అన్నియు శుభములే. పీటపై కూర్చున్న పిల్లను చుట్టుకొని ప్రశ్నలు మొదలగును. పెండ్లయి ఎన్ని ఏండ్లయినది, ఇంతకాలము ఏల ఆగితిరి, మందులు వాడితిరా, లోపము నీదా అతనిదా, స్కానింగులో ఏమన్నారు?

అట్టి ఒక ఇంట, రెండు గర్భములు నిలువక, మూడవ పర్యాయము ఏడవ నెల జరుగుచున్న కోడలిని ఒక పెద్ద ముత్తైదువ గాజులు తొడుగుచునే అడిగినది: "మొదటిది ఎన్నో నెలలో పోయిందమ్మా? ఏం తిన్నావేమిటి?" ఆమెకు దురుద్దేశము లేదు. ఆ పిల్లకు ఆ తేది తెలియును, వారము తెలియును, ఆనాడు ఇంటిలో ఏ కూర వండిరో కూడ తెలియును. "గుర్తు లేదండీ, పిన్నిగారూ" అన్నది. ఆమె అత్తగారు అందుకొని, "వదినగారూ, ఆ రెండో చేతికి కూడా తొడిగేయండి. పిల్ల ఎంతసేపని కూర్చుంటుంది?" అన్నది. గాజుల పని సాగిపోయినది.

ఆ రాత్రి కోడలు అత్తగారి వద్దకు వచ్చి, "తిరువారాధన జరిగిన రోజున పీట మీద కూర్చుని అబద్ధమాడాను, అత్తయ్యా. ఆ దోషం బిడ్డకు తగులుతుందా?" అని అడిగినది. అడిగినవారందరును తమ తమ ఇండ్లలో సుఖముగా నిద్రపోవుచుండగా, అడుగబడిన పిల్ల ఈ బెంగతో మేలుకొని ఉన్నది. ఆ దోషము ఎవరిదో విచారింపవలసియున్నది.

ముందుగా, ప్రశ్న అనునది ఎట్టిది? సత్యము, అసత్యము అను విభాగము చెప్పెడి మాటకు గాని అడిగెడి మాటకు లేదు. కావున అడిగినవారు 'ఉన్నమాటే అన్నాను' అని సత్యము చాటున నిలువ వీలు లేదు. గీతాచార్యుడు పదునేడవ అధ్యాయమున వాఙ్మయ తపస్సును చెప్పుచు, ఎదుటివారికి ఉద్వేగము కలిగింపకుండుటను మొదట పేర్కొని, సత్యమును ఆ తరువాత పేర్కొనెను. పదునారవ అధ్యాయములోని దైవీసంపదలో 'అపైశునము' ఒకటి. ఇతరులకు అనర్థము తెచ్చు మాటలను చెప్పకుండుట అని భగవద్రామానుజులు దానికి భాష్యము వ్రాసిరి. ప్రశ్నయు మాటయే గదా! ఆ నియమమునుండి దానికి మినహాయింపు కానరాదు.

అయినను అడుగుటయే తప్పని శాస్త్రము చెప్పలేదు. నాలుగవ అధ్యాయములో జ్ఞానులను సమీపించు విధమును చెప్పినచోట ప్రణిపాతము, పరిప్రశ్న, సేవ అను మూడును వరుసగా ఉన్నవి. ప్రశ్నకు ముందు వినయము, వెనుక సేవ. గురువు విషయమున చెప్పిన ఈ వరుస గర్భిణి విషయమునను చక్కగా కుదురును. ఆమె బరువును కొంతయైన మోయదలచినవారికి అడుగు హక్కు కలదు. కాళ్ళు వాచినవా, తల విడువక నొచ్చుచున్నదా, కన్నులకు మసకలు క్రమ్ముచున్నవా, బిడ్డ కదలిక తెలియుచున్నదా, ఎఱ్ఱ కనబడినదా అను ప్రశ్నలను అనుభవజ్ఞులైన పెద్దమ్మలు అడిగి, వెంటనే వైద్యుని వద్దకు పంపుటచేత ఎన్నో ప్రాణములు నిలిచినవి. ఇట్టివానిని ఆ పిల్ల సిగ్గుపడినను అడిగి తీరవలెను. అయితే ఆ పెద్దమ్మలు వంటింటి మూలకో పెరటిలోనికో పిలిచి అడుగుదురు. పేరంటము నడుమ అడుగరు.

ప్రాచీనులు ఈ మర్యాదను ఎంత దూరము తీసికొనిపోయిరో రఘువంశ తృతీయసర్గ చూచిన తెలియును. సుదక్షిణాదేవి గర్భవతియైనది. ఆమెకు ఏ వస్తువుపై కోరిక కలిగినదో తెలిసికొనవలెనని దిలీప మహారాజునకు ఆతురత. అతడు భర్త, అందునను కోసలేశ్వరుడు. అయినను, ఆమె లజ్జచేత తనకు చెప్పుట లేదని గ్రహించి ఆమెను నిలదీయక, మాటిమాటికిని ఆమె చెలికత్తెలను అడుగుచుండెను. వైద్యగ్రంథములు గర్భిణిని రెండు హృదయములు కలదిగా చెప్పినవి. అంచువరకు నూనె నిండిన పాత్రను తొణకకుండ మోయునట్లు ఆమెను చూచుకొనవలెనని చరకసంహిత. దిలీపుని నడవడి ఆ ఉపమానమునకు ఉదాహరణము వలె ఉన్నది.

మనుస్మృతిలో గర్భిణికి అతిథులకంటె ముందు భోజనము పెట్టవలెనని కలదు. రెండు నెలలు దాటిన గర్భిణి వద్ద రేవు దాటించు పడవవాడు సుంకము గైకొనరాదనియు కలదు. భోజనము పెట్టుమన్న చోట 'అవిచారయన్' అను పదము పడినది. సంకోచింపక, ముందువెనుకలు చూడక అని దాని అర్థము. తెలుగువాని చెవికి మాత్రము 'విచారణ చేయకుండ' అనియు వినబడును. వ్యాకరణము ఒప్పుకొనకపోయినను ఆ వినికిడి చెడ్డది కాదు.

'ఏమి తిన్నావు?' అను ప్రశ్నను మరొకసారి చూడవలెను. అది ప్రశ్న రూపమున ఉన్న నింద. నీవేదో చేయుటచేతనే ఆ బిడ్డ పోయినదని దాని లోపలి మాట. తెలిసిన గర్భములు నూటికి సుమారు 10 నుండి 20 వరకు నిలువవనియు, వానిలో అధికభాగము మొదటి మూడు నెలలలోనే పోవుననియు, అట్లు పోయినవానిలో రమారమి సగము పిండముయొక్క క్రోమోజోములలోని లోపముచేత జరుగుననియు వైద్యులు చెప్పుచున్నారు. మెట్లెక్కుటయు ఇంటిపని చేయుటయు అట్టి లోపమునకు కారణములు కావు. రెండుమార్లు కడుపుకోత అనుభవించిన తల్లి తనలో తాను ఈ ప్రశ్నను వేయిమార్లు వేసికొనియే ఉండును. దానిని పదిమందిలో వేయుట వలన లోకమునకు కలుగు లాభము లేదు. మూడవ నెల నిండువరకు వార్త పొక్కనీయరాదను పూర్వుల ఆచారమును మూఢనమ్మకమని త్రోసివేయువారు ఈ లెక్కను కూడ చూడవలెను.

ఇక, 'ఆడా, మగా?' అను ప్రశ్న. భాగవత ఏకాదశస్కంధమున యదువంశ నాశనమునకు ఈ ప్రశ్నయే ద్వారమైనది. ఆ స్కంధమును తెలుగు చేసినవాడు వెలిగందల నారయ. పిండారక తీర్థమున విశ్వామిత్రుడు, కణ్వుడు, దుర్వాసుడు, నారదుడు మున్నగు మహర్షులు ఉండగా, యాదవకుమారులు జాంబవతి కొడుకైన సాంబునికి ఆడువేషము వేసి, గర్భిణివలె అలంకరించి తీసికొనివచ్చిరి. ఈమె పుత్రుని కోరుచున్నది, తాను అడుగుటకు సిగ్గుపడుచున్నది, ఏమి కనునో చెప్పుడని వినయము నటించి అడిగిరి. కులనాశనమైన ముసలమును కనునని మునులు శపించిరి. ఇనుప రోకలి పుట్టినది. దానిని పొడిచేసి సముద్రమున కలిపినను, ఆ పొడియే తుంగయై మొలచి ప్రభాసతీర్థమున యాదవుల చేతులకు ఆయుధమైనది. మౌసలపర్వము ప్రకారము ఇది భారతయుద్ధము జరిగిన ముప్పదియారవ ఏటి సంగతి.

ఈ కథను ఋషుల కోపమునకు ఉదాహరణగా చెప్పుట పరిపాటి. కొంచెము ఆగి చూచినచో మరొక సంగతి కానవచ్చును. ఆ కుమారులు తమ కుతూహలమును ఒక గర్భిణి నోట పెట్టిరి. 'ఆమెకే తెలిసికొనవలెనని ఉన్నది, పాపము సిగ్గు' అనిరి. నేడు జరుగుచున్నదియు ఇదియే. పుట్టబోవు శిశువు ఆడో మగో పరీక్షించి చెప్పుటను నిషేధించు చట్టమును పార్లమెంటు 1994లో చేసినది, 1996 నుండి అది అమలులో ఉన్నది. చెప్పినవానికే కాక చెప్పించుకొనగోరినవారికి కూడ మూడేండ్ల వరకు శిక్ష కలదు. గర్భిణి అట్టి పరీక్షకు లోనైనచో, వ్యతిరేకముగా ఋజువు కానంతవరకు, భర్తయో బంధువులో ఆమెను బలవంతపెట్టిరనియే న్యాయస్థానము తలపవలెనని ఆ చట్టములో ఉన్నది. ఆమె పేరు చెప్పి అడుగువారు వేరొకరని శాసనకర్తలును ఎఱుగుదురు. కావున పేరంటములో 'డాక్టరు సూచాయగానైనా చెప్పలేదా?' అనుట వేడుకమాటగా తోచినను వేడుకమాట కాదు. రెండవమారును ఆడపిల్లయే అగునేమో అని లోలోన వణకుచున్న తల్లికి అది రోకటిపోటు.

షష్ఠస్కంధములో ఇంద్రుడు గర్భవతియైన దితికి పరిచర్య చేసిన కథ కలదు. పూలు, పండ్లు, దర్భలు, నీళ్ళు వేళకు తెచ్చి ఇచ్చుచు, ఆమె వ్రతములో లోపము ఎక్కడ దొరకునా అని అతడు కాచుకొని ఉండెను. సేవ ఉన్నచోట కూడ దృష్టి ఎటువైపు ఉన్నదో చూడవలెనని ఆ కథ వలన తెలియును. పలుకరింపునకు వచ్చి, పోవునపుడు 'పిల్ల మొగములో కళ లేదు' అను వార్తను నాలుగిండ్లకు మోయు చుట్టములు లేకపోలేదు.

ఇప్పుడు ఆ కోడలి సందేహము. మనువు ద్వితీయాధ్యాయమున ఒక నియమము చేసెను. అడుగనివానికి చెప్పరాదు, అన్యాయముగ అడిగినవానికిని చెప్పరాదు, తెలిసియు తెలివిగలవాడు లోకములో జడునివలె మెలగవలెను. ఇది విద్యాదాన ప్రకరణములోనిది, నిజమే. కాని వేదవిద్యకే అన్యాయముగ అడిగినవాడు అర్హుడు కానపుడు, ఒక స్త్రీ గర్భమున జరిగిన నష్టమును తెలిసికొనుటకు మాత్రము అర్హుడు ఎట్లగును? 'గుర్తు లేదండీ, పిన్నిగారూ' అన్నది ఈ జడత్వమే. దానిలో అవినయము లేదు, తెగింపు లేదు.

అయినను అది అనృతమే కదా, మౌనముగ ఉండరాదా అని పట్టుపట్టువారుందురు. వారికి కర్ణపర్వములో శ్రీకృష్ణుడే సమాధానము చెప్పెను. కౌశికుడను తాపసుడు సత్యవ్రతము పేర, పారిపోయినవారి జాడను దొంగలకు చెప్పి నరకము పొందిన కథ అది. పలుకకుండుటచేత తప్పించుకొనగలిగినచో పలుకరాదు, పలుకకున్న అనుమానము కలుగుననిపించినపుడు అనృతమే మేలని అచ్చట స్వామి నిర్ణయము. దొంగలకును పేరంటాండ్రకును పోలికయా అని నవ్వవచ్చును. పేరంటాండ్రు దొంగలు కారు. కాని దాచుకొన్నదానిని బయటికి లాగు పని రెండుచోట్లను ఒకటియే. 'ఎన్ని పోయినవి?' అని అడిగినపుడు పీటపైనున్న పిల్ల మాటలాడకున్న ఆ మౌనమే పదిమందికి లెక్క చెప్పును. నిజము చెప్పిన గాయము, ఊరకున్న రట్టు, మరొకటి చెప్పిన దోషమను శంక, ఈ మూటి నడుమ ఆమెను నిలిపినవారిదే ఆ దోషము. బిడ్డ జోలికి అది రాదు.

అయితే ఇట్టి చిక్కును ఆమె ఒంటరిగా విప్పుకొనవలసిన అవసరము లేదు. ఆ ఇంటి అత్తగారు ఎవరిని గాని మందలింపలేదు, శాస్త్రము చెప్పలేదు. పెద్దావిడ చేతికి రెండవ చేతి గాజులు అందించినది. అడిగినవారికి ఒక పని అప్పగించుట కంటె మర్యాదయైన ప్రత్యుత్తరము వేరొకటి దొరకుట కష్టము. అక్కఱతో అడిగినవారైనచో ఆ పనిచేత సంతోషింతురు, కుతూహలముతో అడిగినవారైనచో ప్రశ్నను మరచిపోవుదురు. భర్తయు ఈ విషయమున మూగవాడై ఉండరాదు. 'అన్నీ స్వామి దయ, డాక్టరుగారు చెప్పినట్లు నడుస్తున్నాం' అని అతడు ముందుగా ఒక మాట అన్నచో సగము ప్రశ్నలు గడప వద్దనే నిలిచిపోవును.

ఉత్తరకాండలో అయోధ్యాపురవాసుల మాటలను భద్రుడు రామచంద్రునకు విన్నవించెను. సేతువు కట్టుటను, రావణుని చంపుటను మెచ్చుకొనుచు, ఆ నోటితోనే సీతను గురించి 'ఎట్లు మరల ఏలుకొనుచున్నాడు?' అని వారు అనుకొనుచుండిరి. వీధులలో, అంగళ్ళలో ఊరక దొరలిన ప్రశ్న అది. నిండు చూలాలైన తల్లి గంగ ఆవలి ఒడ్డున ఒంటరిగా నిలిచినది.

అచ్చట ఏడ్చుచున్న ఆమెను ముని బాలకులు చూచి, దగ్గరకు పోయి వివరమడుగక, పరుగున వెళ్ళి వాల్మీకికి తెలిపిరి. మహర్షి అర్ఘ్యము చేతబట్టి వచ్చెను. ఎవరు విడిచిరి, ఏమి చేసితివి అని అడుగలేదు. దశరథుని కోడలవు, జనకుని కూతురవు, నిర్దోషివని ఎఱుగుదును, స్వాగతము తల్లీ అని చెప్పి, సమీపమున ఉన్న తాపసస్త్రీల వద్దకు ఆమెను తీసికొనిపోయెను. వారు ఎదురువచ్చి నమస్కరించిరి. అపరిచితయైన ఒక స్త్రీ, గర్భవతి, కన్నీటితో ఋషి వెంట నిలిచియున్నది. ఆమెను ఏమియు అడుగక, వారు ఋషివైపు తిరిగి, మేమేమి చేయవలెనో సెలవిండని మాత్రము అడిగిరి.